నెమ్మదిగా వచ్చే విపత్తు: పాలమూరు, నల్గొండ మహిళా సంఘాల అనుభవం

విపత్తు నిర్వహణ అనగానే తుపాను హెచ్చరికలు, పడవలు, పునరావాస శిబిరాలు గుర్తుకు రావడం సహజం. కాని కృష్ణా, తుంగభద్ర నదులు పొలిమేరలను ఒరుసుకొని పారుతున్నా చాలా భాగం మెట్టగానే మిగిలిన పాలమూరు (మహబూబ్‌నగర్), నల్గొండ ప్రాంతాల్లో విపత్తు చప్పుడు చేయకుండా నెలల తరబడి వస్తుంది. మొలకెత్తి వాడిపోయిన కంది చేనుగా, అడుగంటిన బోరుగా, మే నెలలో 45 డిగ్రీలకు చేరే ఎండగా అది ఇంటిలోకి ప్రవేశిస్తుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపురం, రాజోలి ప్రాంతాలను ముంచెత్తిన వరద వంటివి అరుదు కాగా, ఈ నేలను తరచుగా దెబ్బతీసేవి కరువు, వడగాలులే. భూతాపం పెరిగేకొద్దీ వాన రోజుల మధ్య ఎడం పెరిగి, కురిసినప్పుడు కుండపోతగా కురిసి, ఎండలు మరింత ముదురుతున్నాయి కనుక, ఈ రెండు విపత్తులనూ వాతావరణ మార్పు నుంచి విడదీసి చూడడం ఇక సాధ్యం కాదు. వీటిని ఎదుర్కోవడంలో ముందు నిలిచినవారు పొదుపు సంఘాల మహిళలు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు. వారు చేసిన పనిని సేవగా మెచ్చుకొని ఊరుకోకుండా విపత్తు నిర్వహణగానే లెక్కించడం న్యాయం.

సంఘాలకు ఆ శక్తి ఒక్కరోజులో రాలేదు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో 1990ల మధ్యలో మహబూబ్‌నగర్, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో సాగిన దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకం పేద మహిళలను చిన్న చిన్న పొదుపు సంఘాలుగా కూర్చింది; 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, ‘వెలుగు’ పథకం ద్వారా ఆ సంఘాలను ఊరి స్థాయిలో గ్రామ సమాఖ్యగా, ఆపైన మండల సమాఖ్యగా, జిల్లా సమాఖ్యగా అల్లింది. అప్పు ఇవ్వడం, తిరిగి రాబట్టడం, లెక్కలు రాయడం, నలుగురిలో కూర్చొని నిర్ణయం తీసుకోవడం అలవాటైన ఈ వ్యవస్థ కరువు కాలంలో బియ్యాన్ని టోకుగా కొని సభ్యులకు అప్పుపై పంచేది. ఏ ఇంట్లో గింజలు నిండుకున్నాయో, ఎవరు వలస పోవడానికి మూట కట్టుకున్నారో సమాఖ్యకు తెలిసినంత త్వరగా ఏ కార్యాలయానికీ తెలియదు.

ఈ బలంపై ఆధారపడి నడిచిన ముఖ్యమైన ప్రయోగం 2006లో మహబూబ్‌నగర్ జిల్లాలో మొదలై తరువాత అనంతపురానికి విస్తరించిన ఆంధ్రప్రదేశ్ కరువు అనుకూలన కార్యక్రమం. అనుకూలన అంటే వాతావరణం మారడం ఖాయమని గ్రహించి, దానికి తట్టుకొనేలా సేద్యాన్ని, పశుపోషణను, నీటి వాడకాన్ని ముందుగానే మార్చుకోవడం. ప్రపంచ బ్యాంకు సహకారంతో, సెర్ప్ నేతృత్వంలో, వాసన్ అనే స్వచ్ఛంద సంస్థ సాంకేతిక సలహాతో సాగిన ఈ కార్యక్రమాన్ని క్షేత్రంలో నడిపే బాధ్యత మహిళా సమాఖ్యలకు దక్కింది. కరువు వస్తే పేద ఇల్లు మొదట అమ్ముకొనేది మేకలు, గొర్రెలు, కోళ్ళనే. వాటిని సాకేది ఎక్కువగా ఆడవాళ్ళే. అందువల్ల గొర్రెలకు చిటుక రోగం, కోళ్ళకు కొక్కెర రోగం రాకముందే టీకాలు వేయించడం కరువు రక్షణలో భాగమైంది. పైకి ఇది పశువైద్యంగా కనిపించినా నిజానికి ఆ ఇంటి అత్యవసర నిధిని కాపాడే పని. నీటి విషయంలో మరింత సాహసమే జరిగింది. చెల్లాపూర్ గ్రామంలో బోర్లున్న రైతులు తమ బోర్లను పైపులతో ఒకదానికొకటి కలిపి, బోరు లేని ఇరుగుపొరుగు రైతుల చేలకూ తడి అందించడానికి, కొత్త బోర్లు తవ్వకుండా ఉండడానికి ఒప్పుకొన్నారు. బోరు మీద బోరు వేసి అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాలు ఎన్నో ఉన్న ప్రాంతంలో ఆ ఒప్పందం విలువ ఇంతా అంతా కాదు. కార్యక్రమం కొద్ది సంవత్సరాలకే ముగియడం మాత్రం విచారకరం, ఎందుకంటే కరువు ప్రాజెక్టు గడువు చూసుకొని రాదు.

అదే కాలంలో, ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో, మహబూబ్‌నగర్, నల్గొండ సహా 7 కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాన్ని కొలిచి, లెక్కగట్టి, నిర్వహించుకొనే పథకం నడిచింది. ఎకరం నేలపై 1 మిల్లీమీటరు వాన కురిస్తే సుమారు 4,000 లీటర్ల నీరు పడినట్లు. ఆ నీటిలో కొంత ఆవిరై, కొంత వాగులో కలిసి, మిగిలినది భూమిలోకి ఇంకుతుంది. వానమాపకంలో రోజూ వాన కొలిచి, ఎంచుకొన్న బావుల్లో నీటిమట్టం రాసి, యాసంగికి ముందు ఊరంతా కూర్చొని ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత పడుతుంది అని తేల్చుకొనే ఈ పద్ధతికి పంట నీటి బడ్జెట్ అని పేరు. కొలతల్లోనూ చర్చల్లోనూ మహిళా రైతులు పాలుపంచుకొన్నారు. విపత్తు నిర్వహణ భాషలో దీన్ని ముందస్తు హెచ్చరిక అంటారు. తీరంలో తుపాను హెచ్చరిక చేసే పనినే ఇక్కడ బావిలోకి దించిన కొలత టేపు చేస్తుంది.

ఇలాంటి ముందుచూపు ఎంత అవసరమో 2015 చాటి చెప్పింది. ఆ ఏడు మే నెలాఖరులో వీచిన వడగాలులకు దేశంలో సుమారు 2,500 మంది మరణించగా, వారిలో అత్యధికులు తెలుగు రాష్ట్రాలవారే. నల్గొండ తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. ఆ వేసవి తరువాత వానకాలమూ మోసం చేయడంతో, నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన 231 కరువు మండలాల్లో మహబూబ్‌నగర్ జిల్లాలోని 64 మండలాలూ చేరాయి. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా పరిగణిస్తుంది. హెచ్చరిక టీవీలో వచ్చినా, పొద్దుటి పూటే పనికి పోయి ఎండ ముదరకముందే ఇల్లు చేరమని గడప గడపకూ చెప్పేది, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంచేది, సొమ్మసిల్లిన ముసలివారిని గుర్తించేది ఆశా కార్యకర్తలే, అదీ అదే ఎండలో తిరుగుతూ. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. మంచి నిర్ణయమే. అయితే పరిహారం మరణం తరువాతి మాట. పని చోట నీడ, తాగునీరు, భద్రత ప్రాణం ఉన్నప్పటి అవసరాలు. 2019 ఏప్రిల్‌లో నారాయణపేట జిల్లా తీలేరులో ఉపాధి హామీ పని చోట మట్టిపెళ్ళలు విరిగిపడి పదిమంది మహిళా కూలీలు ప్రాణాలు కోల్పోయారు. కరువు నివారణకు కందకాలు తవ్వేవారిలో సగానికి పైగా మహిళలే అయినప్పుడు, ఆ పనుల భద్రతను వారి మాట అడగకుండా నిర్ణయించడం ఎంత మాత్రం సమంజసం కాదు.

విపత్తు నిర్వహణలో మహిళలకు చోటు కల్పించే దిశగా బంగ్లాదేశ్ చాలా దూరం నడిచింది. 1991 తుపానులో పురుషుల కంటే స్త్రీలు ఎన్నో రెట్లు ఎక్కువగా మరణించిన ఆ దేశంలో, నేడు తుపాను సన్నద్ధత కార్యక్రమంలోని సుమారు 76 వేల మంది స్వచ్ఛంద కార్యకర్తల్లో సగం మంది మహిళలు.

మన జిల్లాల్లోనూ పీఠం మీద మహిళలు లేకపోలేదు. 2025లో నల్గొండ కలెక్టరుగా ఇలా త్రిపాఠి, మహబూబ్‌నగర్ కలెక్టరుగా విజయేందిర బోయి పనిచేశారు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు, జిల్లా పరిషత్ అధ్యక్షులు సహాధ్యక్షులు. కాని అధ్యక్షులు కాక 7 మందికి మించని ఆ సంస్థలో మిగిలిన స్థానాలు అధికారులవే గాని, వేలాది కుటుంబాల లెక్క తెలిసిన జిల్లా మహిళా సమాఖ్యకు చోటు లేదు. సమాఖ్యను భాగం చేయడానికి చట్టాన్ని మార్చనక్కరలేదు. సలహా సంఘాలను నియమించుకొనే అధికారం 28వ సెక్షన్ జిల్లా సంస్థకు ఇప్పటికే ఇచ్చింది, జిల్లా ప్రణాళికను ఏటా సమీక్షించాలని 31వ సెక్షన్ చెబుతోంది. ఆ సమీక్ష వేసవికి ముందే జరిగి, సమాఖ్య ప్రతినిధులు అందులో కూర్చుంటే, ఏ తండాలో చేతిపంపు ఎండింది, ఎక్కడ పశుగ్రాసం నిండుకుంది, ఏ ఊళ్ళో ఒంటరి వృద్ధులు రేకుల ఇళ్ళలో ఉంటున్నారు అన్న వివరాలు విపత్తు ముదిరాక కాక ముందే ప్రణాళికలోకి చేరతాయి.