ఒకే పళ్లెం... అందరి ముద్ద!

గోస్పాడులో జొన్నరొట్టె తిని పెరిగినవారికి వాషింగ్టన్‌లో ఇథియోపియా కుటుంబాలు నడిపే హోటళ్లు మరీ కొత్తగా అనిపించవు. పెద్ద పళ్లెంలో దోసెలాంటి ‘ఇంజెరా’ పరుస్తారు. టెఫ్ అనే సన్నని చిరుధాన్యం పిండిని రెండుమూడు రోజులు పులియబెట్టి, ఒకవైపే కాలుస్తారు. టెఫ్ దొరకని చోట జొన్నపిండితోనూ చేస్తారు. అసలు జొన్న పుట్టిల్లే ఈశాన్య ఆఫ్రికా! ఇంజెరా మీద ఎర్రపప్పు కూర, శనగపిండి ‘షిరో’ వడ్డిస్తారు. సంప్రదాయ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం ముట్టరు కాబట్టి శాకాహారానికి కొదవలేదు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని చేత్తోనే తుంచుకుంటారు. ముద్ద చుట్టి పక్కవారి నోటికి అందిస్తారు. అదే ‘గుర్షా’. మన అమ్మ గోరుముద్దలాంటిదే! ఎవరి కంచం వారిది, ఎవరి ఫోన్ వారిది అయిపోయిన ఇళ్లలో ఒక్కపూటైనా ప్రయత్నించొచ్చు కదూ!