నాణేల సంఘం

మీ నాయనమ్మ దాచుకున్న పాత డబ్బాలో నడుమ పెద్ద చిల్లు వున్న కాణీ వుంటే తీసి చూడండి. దానిమీద 1943కీ 1947కీ మధ్య సంవత్సరం ఒకటి కనబడుతుంది. ఆనాడు యుద్ధం మూలాన లోహానికి కరువు వచ్చింది. లోహం ఆదా చేయటానికే ఆ చిల్లు పెట్టారు. చిల్లు కాణీలోనే ఇంత కథ వుంటే, రెండువేల యేళ్ళనాటి నాణెంలో యెంత వుండాలి!

అలాటి కథలు పోగుచేయటానికి 1910 డిసెంబరులో అలహాబాదులో ఆరుగురు కలిసి ఒక సంఘం పెట్టారు. దాని పేరు న్యూమిస్మాటిక్ సొసైటీ ఆఫ్ ఇండియా. వారిలో ఒకరు మతబోధకులు, కొందరు ప్రభుత్వోద్యోగులు. సంఘం 1939లో సొంత పత్రిక ప్రారంభించింది. ఇప్పుడు దాని కార్యాలయం కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో వున్నది.

యీ సంఘం వారికి నాణెం చూపిస్తే, "ఖరీదెంత?" అని అడగరు. "యెక్కడ దొరికింది?" అని అడుగుతారు. తరవాత దాన్ని తూచి, కొలిచి, అక్షరాలు చదివి, పత్రికలో అచ్చు వేస్తారు. యేటేటా ఒక్కొక్క వూళ్ళో సభ చేసి వాదించుకుంటారు కూడా!

దొరికిన చోటు అంత ముఖ్యమా? వినండి. గోదావరి ఒడ్డున, ఇప్పటి జగిత్యాల జిల్లాలో కోటిలింగాల అనే గ్రామం వున్నది. అక్కడి మట్టిలో పాత నాణేలు దొరికాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వాటిని పరిశీలించి ప్రకటించారు. కొన్నిటిమీద చిముకుడి పేరున్నది. పురాణాలు చెప్పే మొదటి శాతవాహన రాజు ఇతడే! మరికొన్నిటిమీద గోబద, నారన, సమగోప అనే పేర్లున్నాయి. వీళ్ళ మాట యే పురాణంలోనూ లేదు. శాతవాహనులు మహారాష్ట్రలోనే మొదలయ్యారని అంతవరకూ చాలామంది అనుకునేవారు. యీ నాణేలతో ఆ వాదం మళ్ళీ మొదటికి వచ్చింది. ఇంకా తెగలేదు.

అవే నాణేలు యే అంగట్లోనో అమ్ముడుపోయి వుంటే, కోటిలింగాల పేరు యెవరికి తెలిసేది? కరిగించి వుంటే గోబదుడి పేరే మిగిలేది కాదు.

అందుకే, పొలంలో పాత నాణేలు దొరికితే పెద్దవాళ్ళతో చెప్పండి. పది రూపాయలకు మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం. వాటిని చింతపండు పెట్టి మాత్రం తోమకండి! మెరుపు వస్తుంది గాని అక్షరాలు పోతాయి.

మీ చిల్లు కాణీమీద పల్చని కాగితం పరిచి పెన్సిలుతో మెల్లగా రుద్దండి. బొమ్మ కాగితంమీదికి వస్తుంది. అది యెవరిదో, యే వూరి నుంచి వచ్చిందో నాయనమ్మనడిగి, ఆ కాగితం అడుగున రాసిపెట్టండి.