తెల్ల అంగీల వాళ్లు ఏమైపోయారు?

1307 అక్టోబర్ 13, శుక్రవారం. తెల్లవారుతుండగానే ఫ్రాన్స్ అంతటా రాజభటులు టెంప్లర్ల మఠాల మీద పడ్డారు. తెల్ల అంగీపై ఎర్ర శిలువ ధరించి క్రూసేడ్లలో పోరాడిన సన్యాసి యోధులు వీళ్లు. నాలుగో ఫిలిప్ రాజు మోపిన నేరం మతద్రోహం. ఆయన వాళ్లకు బాకీ పడ్డ సంగతీ మరిచిపోకూడదు.

చిత్రహింసలకు తాళలేక చాలామంది నేరం ఒప్పుకున్నారు. తర్వాత మాట మార్చినవారిలో 54 మందిని 1310 మేలో పారిస్ బయట సజీవంగా కాల్చేశారు. 1312లో పోప్ సంఘాన్నే రద్దు చేశాడు. రెండేళ్లకు అధిపతి జాక్ ద మొలే కూడా మంటలకే ఆహుతయ్యాడు.

అందరి కథా అలా ముగియలేదు. ఇంగ్లండ్‌లో చాలామందిని రోజుకు నాలుగు పెన్నీల భత్యంతో ఇతర మఠాలకు పంపారు. ఆస్తులు చాలావరకు మరో యోధ సన్యాసి సంఘమైన హాస్పిటలర్ల పాలయ్యాయి.

పోర్చుగల్‌లో మాత్రం పేరే మారింది. దినిష్ రాజు చొరవతో 1319లో 'క్రీస్తు సంఘం' వెలిసింది. పాత సభ్యులు కొందరు అందులో చేరారు. 1498లో కాలికట్ తీరానికి వచ్చిన వాస్కో డ గామా ఓడల తెరచాపలపై ఉన్నది ఆ సంఘపు శిలువే!

అన్నిటికంటే విచిత్రం జర్మన్ యాత్రికుడు లుడాల్ఫ్ రాసింది. 1291లో క్రూసేడర్ల చేతిలోని ఏకర్ కోట పడిపోయినప్పుడు బందీలైన ఇద్దరు టెంప్లర్లు దశాబ్దాల తర్వాత మృత సముద్రం దగ్గర ఆయనకు కనిపించారట. సుల్తాను కోసం కట్టెలు కొడుతూ, పెళ్లాం పిల్లలతో కాపురం చేసుకుంటున్నారు. తమ సంఘం రద్దయిందన్న కబురే వాళ్లకు చేరలేదు.