ముందొచ్చిన చెవులు, వెనకొచ్చిన కొమ్ములు: వైమాక్స్, ఎల్.టి.ఇ. పోటీ కథ

ఈనాడు తీగె లేని ఇంటర్నెట్టు మనకు వింత కాదు. హాస్టలు గదిలో మంచం మీద పడుకుని సినిమా చూసేవాడికి గాని, పొలం గట్టు మీద నిలబడి మిర్చి ధర చూసుకునే రైతుకు గాని గాలిలోంచి వచ్చే ఈ సదుపాయం మంచినీళ్ళంత మామూలైపోయింది. కాని దీని వెనుక ఒక పెద్ద పోటీ నడిచింది. ఆ పోటీలో ముందుగా బరిలోకి దిగి, పేరు తెచ్చుకుని, వేలకోట్ల పెట్టుబడి పెట్టించిన ఒక పద్ధతి పదేళ్ళు తిరిగేసరికి మూలబడింది. దాని పేరు వైమాక్స్. గెలిచినదాని పేరు ఎల్.టి.ఇ. మనం ‘ఫోర్ జీ’ అని పిలుచుకునేది దీన్నే. ఎలక్ట్రానిక్స్ విద్యార్థిగా నాకు ఈ కథ చాలా పాఠాలకన్నా ఎక్కువ నేర్పింది. అందుకే ఈ సంచికలో మీ ముందు పెడుతున్నాను.

వైమాక్స్ ఎందుకు పుట్టింది?

ఇంటింటికీ రోడ్డు తవ్వి కేబుల్ వెయ్యడం ఖర్చుతో కూడిన పని. ఊరికి దూరంగా ఉన్న నాలుగిళ్ళ కోసం ఏ కంపెనీ అయినా తవ్వుతుందా? తవ్వదు. దానికి బదులు ఒక టవరు కట్టి, ఇంటి మీద చిన్న ఏంటెన్నా పెడితే చాలదా అన్న ఆలోచనలోంచి పుట్టిందే వైమాక్స్. ‘ఐ ట్రిపుల్ ఈ’ అనే ఇంజనీర్ల సంస్థ తయారుచేసిన 802.16 ప్రమాణం దీనికి ఆధారం. దీన్ని ప్రచారం చెయ్యడానికి 2001లో వైమాక్స్ ఫోరం ఏర్పడింది. కదిలే బస్సులో కూడా పనిచేసే రూపం 2005 డిసెంబరులో ఆమోదం పొందింది. 2006 జూన్‌కల్లా దక్షిణ కొరియాలో ‘వైబ్రో’ పేరుతో దీని సోదర పద్ధతి జనం చేతికి వచ్చింది.

ఇంటెల్ కంపెనీ దీని వెనుక కొండంత అండగా నిలబడింది. లాప్‌టాప్‌లలో వై-ఫై ఎలా చేరిపోయిందో వైమాక్స్ కూడా అలాగే చేరిపోతుందని దాని లెక్క. 2008లో అమెరికాలో స్ప్రింట్ వారి వైమాక్స్ వ్యాపారాన్ని క్లియర్‌వైర్‌లో కలిపినప్పుడు ఇంటెల్, గూగుల్, కామ్‌కాస్ట్ మొదలైన సంస్థలు కలిసి 320 కోట్ల డాలర్లు పెట్టాయి. 2011 చివరికి క్లియర్‌వైర్ ఖాతాదారులు కోటి దాటారు. అంటే మార్కెట్టు పెరగకపోవడం కాదు, పెరుగుతూనే ఉంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ప్రకటనల్లో మాత్రం కొంత మాయ ఉండేది. యాభై కిలోమీటర్ల దూరం, సెకనుకు 70 మెగాబిట్ల వేగం అనేవారు. రెండూ ఒకేసారి దొరకవు. దూరం పెరిగేకొద్దీ సంకేతం బలహీనపడి వేగం పడిపోతుంది. పైగా ఆ వేగం ఒక్కరికే కాదు, టవరు కింద ఉన్నవాళ్ళంతా పంచుకోవలసినదే.

లోపల సరుకు ఒకటే

విచిత్రమేమిటంటే, ఈ ఇద్దరు పోటీదారులూ లోపల ఇంచుమించు ఒకే సూత్రం మీద నడుస్తారు. టవరు నుంచి ఫోనుకు వచ్చే దారిలో రెండూ వాడేది ఓ.ఎఫ్.డి.ఎం.ఎ. అనే పద్ధతి. పేరు చూసి భయపడనక్కరలేదు. ఒక పెద్ద కాలువలో ఉరకలేసే నీళ్ళను వందలాది పిల్లకాలువలుగా విడగొట్టి, ఏ చేనుకు ఎన్ని కావాలో అన్ని వదలడం లాంటిది ఇది. రేడియో తరంగాలు మేడలకు, కొండలకు తగిలి ప్రతిధ్వనిలాగా ఆలస్యంగా వచ్చి అసలు సంకేతాన్ని చెడగొడతాయి. ప్రవాహాన్ని నెమ్మదిగా పారే చిన్న పాయలుగా చేస్తే ఆ చెడు బాగా తగ్గుతుంది. ఏ పాయ ఎవరికివ్వాలో క్షణక్షణానికీ మార్చుకోవచ్చు.

ఎల్.టి.ఇ. ప్రమాణం తొలిరూపం 2008 డిసెంబరులో స్థిరపడింది. 2009 డిసెంబరు 14న స్టాక్‌హోమ్, ఓస్లో నగరాల్లో టెలియాసోనెరా సంస్థ మొదటి వ్యాపార సేవ ప్రారంభించింది. కొరియాలో వైబ్రో మొదలై అప్పటికే మూడున్నరేళ్ళు.

మరి ఓడిందెందుకు?

మొదటి కారణం బలగం. ప్రపంచంలో ఎక్కువ సెల్‌ఫోను కంపెనీలు జి.ఎస్.ఎం. కుటుంబానివి. ఎల్.టి.ఇ. వాళ్ళింట్లో పుట్టిన బిడ్డ. ఫోర్ జీ టవరు అందని చోట ఫోను దానంతట అదే త్రీ జీకి, టూ జీకి దిగేలా ముందే ఏర్పాటు చేసుకున్నారు. వైమాక్స్‌కు అలాంటి వెనక బలగం లేదు.

రెండవది దారుల సంగతి. రేడియోలో రాకపోకలకు రెండు పద్ధతులున్నాయి. రావడానికొక దారి, పోవడానికొక దారి ఇవ్వడం ఒకటి. ఒకే దారిని కాసేపు అటు, కాసేపు ఇటు వదలడం రెండవది, కల్వర్టు రిపేరు చేసేచోట జెండాలు పట్టుకుని వాహనాలను వదిలినట్లు. మొబైల్ వైమాక్స్ ఆచరణలో రెండవ పద్ధతినే పట్టుకుంది. సెల్‌ఫోను కంపెనీల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా జంటదారులు. ఎల్.టి.ఇ. రెండింటికీ సరిపడే రూపాలు తయారుచేసుకుంది. చైనా మొబైల్ వంటి మహాసంస్థ రెండవ రూపానికి అండగా నిలిచింది. దాంతో వైమాక్స్‌కంటూ ప్రత్యేకించి మిగిలిన చోటు కూడా పోయింది.

మూడవది ధర. ఫోన్లు కోట్లలో అమ్ముడుపోతేనే చిప్పు చవకవుతుంది. చిప్పు చవకైతేనే కోట్లలో కొంటారు. ఈ చక్రం ఎవరికి ముందు తిరిగితే వారిదే గెలుపు. మన రైల్వేల్లో మీటర్‌గేజి సంగతే చూడండి. ఆ బండ్లు నడవక కాదు, చుట్టూ బ్రాడ్‌గేజి పరుచుకున్నాక మధ్యలో బండి మారవలసిన బాధ ఎవరు పడతారు?

2010 మార్చిలో సిస్కో వైమాక్స్ టవరు పరికరాల తయారీ మానేసింది. అదే ఏడాది మే నెలలో రష్యాలోని యోటా ఎల్.టి.ఇ.కి మారుతున్నట్లు ప్రకటించింది. 2015 చివరికి ఎల్.టి.ఇ. చందాదారులు ప్రపంచంలో నూరు కోట్లు దాటారు. 2016లో స్ప్రింట్ తన వైమాక్స్ ఆపేసింది. 2018 చివరికి కొరియాలోనూ దీపం ఆరింది. జపానులో మాత్రం ఆ పేరుతో నేటికీ సేవలున్నాయి, లోపలి సరుకు మారిపోయింది.

మన దేశం సంగతి

2010 మే, జూన్ నెలల్లో మన ప్రభుత్వం బ్రాడ్‌బాండ్ వైర్‌లెస్ తరంగాలను వేలం వేసి సుమారు 38,500 కోట్ల రూపాయలు రాబట్టింది. ఏ పద్ధతి వాడాలో కొన్నవారి ఇష్టం. ఇన్ఫోటెల్ అనే పెద్దగా పేరు లేని కంపెనీ 22 సర్కిళ్ళూ గెలుచుకుంటే, రిలయన్స్ ఇండస్ట్రీస్ దానిలో 95 శాతం వాటా తీసుకుంది. అదే తర్వాత జియో అయి, 2016 సెప్టెంబరు 5న ఎల్.టి.ఇ.తో బయటికొచ్చింది. అంతకుముందే 2012 ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ కలకత్తాలో దేశంలోకెల్లా మొదటి ఎల్.టి.ఇ. సేవ మొదలెట్టింది. మన ఆంధ్రప్రదేశ్ సర్కిలులో రెండవ భాగం గెలిచిన ఎయిర్‌సెల్ 2016లో ఆ హక్కును ఎయిర్‌టెల్‌కు అమ్ముకుని, 2018లో దివాలా తీసింది.

ఇవన్నీ పెద్దవాళ్ళ లెక్కలు. చిన్నవాళ్ళ లెక్క కూడా ఒకటుంది. మా మేనమామ ఒక మండల కేంద్రంలో ఇంటర్నెట్ సెంటరు నడిపేవాడు. ఒక కంపెనీవాళ్ళ మాట నమ్మి వైమాక్స్ పెట్టె, డాబా మీద ఏంటెన్నా పెట్టించుకున్నాడు. రెండు మూడేళ్ళు బాగానే నడిచింది. ఆ తర్వాత సేవ ఆగిపోయింది, ఫోను చేస్తే పలికే నాథుడు లేడు. ఆ పెట్టె ఇప్పటికీ అటక మీద ఉంది. మొన్న సంక్రాంతికి వెళ్తే, “ఏం అల్లుడూ, ఎలక్ట్రానిక్స్ చదువుతున్నావు గదా, ఈ పెట్టె చేసిన పాపం ఏమిటో చెప్పు” అన్నాడు. “పెట్టె తప్పేం లేదు మావయ్యా, దాని చుట్టాలు తక్కువ, అంతే” అన్నాను. ఆయన నవ్వాడు గాని, పోయిన డబ్బు ఆయనదే.

మనకేమిటి?

ఇప్పుడు ఇందాకటి మాట దగ్గరికి వద్దాం. మార్కెట్టు పెరుగుతుందని చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. జనానికి తీగె లేని ఇంటర్నెట్టు కావాలన్నది నిజం, ఆ కోరిక వాళ్ళనుకున్నదానికన్నా ఎక్కువే పెరిగింది. కాని కోరిక పెరగడం వేరు, దాన్ని తీర్చేది ఎవరన్నది వేరు. పెరుగుదల లెక్కలు మొదటిదే చెబుతాయి, రెండవది చెప్పవు. 2023లో జియో, ఎయిర్‌టెల్ రెండూ ‘ఎయిర్‌ఫైబర్’ పేరుతో తవ్వకం లేకుండా ఇంటింటికీ ఫైవ్ జీ ఇంటర్నెట్టు ఇవ్వసాగాయి. వైమాక్స్ కన్న కల ఇదే కదా! కల బతికింది, కన్నవాడు లేడు.

విద్యార్థి మిత్రులకు నేను చెప్పదలచినది ఒక్కటే. రేపు ఉద్యోగాల కోసం మనమంతా ఏదో ఒక కొత్త పేరు వెంట పరుగెడతాం, ఏదో ఒక కోర్సుకు వేలు పోస్తాం. పేరును మాత్రమే నేర్చుకుంటే ఆ పేరుతోబాటే మనమూ అటకెక్కుతాం. వైమాక్స్ కోసం ఓ.ఎఫ్.డి.ఎం.ఎ. సూత్రాన్ని క్షుణ్ణంగా నేర్చినవాడికి ఎల్.టి.ఇ.లో అదే పనికొచ్చింది, ఫైవ్ జీలో పనికొస్తోంది, వై-ఫై 6లోనూ అదే ఉంది. చెవులు ముందొచ్చినా కొమ్ములు ముందొచ్చినా, రెండిటికీ ఆధారమైన తలకాయ మీద శ్రద్ధ పెట్టినవాడికి నష్టం లేదు.