మెట్లు చెప్పిన సాక్ష్యం

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఇంగ్లండులోని వైద్యులను ఒక ప్రశ్న వేధించసాగింది. క్షయ వంటి పాత వ్యాధులు తగ్గుముఖం పడుతున్నా, నడివయస్సు పురుషులు గుండెపోటుతో హఠాత్తుగా మరణించడం నానాటికీ ఎక్కువైంది. కారణమేమిటో ఎవరికీ స్పష్టంగా తెలియదు. వ్యాయామం క్రీడాకారులకూ సైనికులకూ సంబంధించిన విషయమని భావించే కాలమది. గుండెజబ్బు వచ్చిన రోగిని వారాల తరబడి మంచం దిగనీయకపోవడమే నాటి చికిత్స. అటువంటప్పుడు శరీరశ్రమ గుండెకు రక్ష అని ఊహించడం సాహసమే.

ఆ సాహసం చేసిన వైద్యుడు జెర్రీ మారిస్. ఆయన 1910లో లివర్‌పూల్ నగరంలో, పోలండు నుంచి వలస వచ్చిన కుటుంబంలో జన్మించారు. బాల్యం గ్లాస్గోలో గడిచింది. యుద్ధకాలంలో సైనిక వైద్యుడిగా భారతదేశంలోనూ పనిచేశారు. 1948లో లండనులో ఏర్పడిన సామాజిక వైద్య పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. రోగి దేహంలో వెదికితే దొరకని కారణం అతని వృత్తిలో దొరకవచ్చునని ఆయన తలంచారు. ఒక్కొక్క వృత్తిలో ఎంతమందికి గుండెపోటు వస్తున్నదో లెక్కించడం మొదలుపెట్టారు.

ఆ లెక్కలలో అందరినీ ఆకర్షించినవి లండను బస్సు సిబ్బంది లెక్కలు. అవి ఒకప్పుడు హైదరాబాదు వీధులలో తిరిగినటువంటి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు ముందుభాగంలో కూర్చుని, పనివేళలో తొంభై శాతం కదలకుండా బస్సు నడిపేవాడు. కండక్టరు టిక్కెట్ల కోసం పై అంతస్తుకు ఎక్కుతూ దిగుతూ ఉండేవాడు. అతడు రోజుకు ఎక్కే మెట్లు 500 నుంచి 750 వరకు ఉండేవి. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే బస్సు. జీతాలలోనూ జీవన పరిస్థితులలోనూ పెద్ద వ్యత్యాసం లేదు. పరిశోధకుడికి ఇంతకన్నా చక్కని తక్కెడ దొరకదు. 35 నుంచి 64 ఏళ్ల లోపు రవాణా కార్మికులు సుమారు 31 వేలమంది వివరాలను పరిశీలించగా, కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. వచ్చినా ఆలస్యంగా వచ్చింది. దాడి జరిగిన మొదటి రోజులలోనే ప్రాణం పోవడం కూడా డ్రైవర్లలోకన్నా వారిలో తక్కువే.

మారిస్ ఈ ఫలితాన్ని వెంటనే లోకానికి చాటలేదు. రద్దీ వీధులలో బస్సు నడిపే డ్రైవరుకు మానసిక ఒత్తిడి ఎక్కువ, బహుశా అదే కారణం కావచ్చు కదా? ఈ సందేహం తీర్చుకోవడానికి ఆయన తపాలా శాఖ వైపు చూశారు. కాలినడకన, సైకిలుపైన ఉత్తరాలు పంచే పోస్టుమాన్లనూ, అదే శాఖలో కుర్చీలకే పరిమితమైన గుమాస్తాలనూ టెలిఫోను ఆపరేటర్లనూ పోల్చారు. అక్కడా తిరిగేవారిదే పైచేయి. 1953లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది.

విమర్శ అంతటితో ఆగలేదు. లావుగా ఉన్నవారే డ్రైవరు ఉద్యోగాన్ని ఎంచుకుంటున్నారేమోనన్న అనుమానం మిగిలింది. దానికి ఆధారం దర్జీల దగ్గర దొరకడం విశేషం. సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫారాల కొలతలు పరిశీలిస్తే, అన్ని వయస్సులలోనూ డ్రైవర్ల నడుము చుట్టుకొలతే ఎక్కువగా కనిపించింది. అనుమానంలో కొంత నిజం ఉందన్నమాట. కాని నడుము కొలత సమానంగా ఉన్నవారిని పోల్చి చూసినప్పుడు కూడా కండక్టర్లలోనే ఆకస్మిక మరణాలు తక్కువ. తన వాదానికి ప్రతికూలమైన అంశాన్ని తానే వెదికి బయటపెట్టడం పరిశోధకుడి నిజాయితీకి నిదర్శనం.

ఇంతలో కాలం మారింది. రోలు, రోకలి, తిరగలి తెలుగు ఇళ్లలో మూలకు చేరినట్లే, అక్కడా యంత్రాలు శ్రమను తమపై వేసుకున్నాయి. ఉద్యోగం మెట్లెక్కించనప్పుడు మనిషి ఏం చేయాలి? మారిస్ దృష్టి తీరిక వేళలపైకి మళ్లింది. ఆయన బృందం 1968 నుంచి కార్యాలయాలలో పనిచేసే సుమారు 17 వేలమంది ప్రభుత్వోద్యోగులను, ముందు శుక్ర, శనివారాలలో ఏమేమి చేశారో సోమవారం ఉదయం రాయమని కోరింది. ఊపిరి వేగం పెరిగేటంత శ్రమ, అనగా ఈత, పరుగు, చురుకైన నడక వంటివి చేసినవారికి గుండెజబ్బు ముప్పు తక్కువని తేలింది.

అమెరికాలో రాల్ఫ్ పాఫెన్‌బార్జర్ ఈ దారిలోనే నడిచారు. ముందు శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో సరుకు మోసే కార్మికులను, తరువాత హార్వర్డ్ విశ్వవిద్యాలయపు పూర్వ విద్యార్థులు దాదాపు 17 వేలమందిని పరిశీలించారు. కళాశాలలో పేరుమోసిన ఆటగాళ్లయినా, తరువాత వ్యాయామం మానినవారికి ఆ పాత ఆట ఏ రక్షణా ఇవ్వలేదు. చదువుకునే రోజులలో మైదానం ముఖం చూడకపోయినా నడివయస్సులో కదలడం నేర్చినవారికి మేలు కలిగింది. శరీరానికి సంబంధించినంతవరకు పాత పతకాలు చెల్లవు!

తాను కనుగొన్నది ఇతరులకు చెప్పి ఊరకుండే తత్త్వం ఇద్దరికీ లేదు. మారిస్ లండనులోని హాంప్‌స్టెడ్ హీత్ మైదానంలో పరుగెత్తేవారు. పెద్దమనిషి వీధిన పడి పరుగెత్తడమేమిటని చూసినవారు విస్తుపోయేవారు. పాఫెన్‌బార్జర్ కుటుంబంలో గుండెజబ్బు ఉంది. ఆయన 45 ఏళ్ల వయస్సులో పరుగు ప్రారంభించి, నూట యాభైకి పైగా మారథాన్లు, అంతకన్నా దూరపు పరుగులు పూర్తి చేశారు. అయినా గుండె వైఫల్యంతోనే 2007లో, 84వ ఏట మరణించారు. పరుగు ముప్పును తగ్గిస్తుందే గాని చెరిపివేయదు. ఈ మాటను ఆయన పరిశోధనలు కూడా దాచలేదు. ఈ ఇద్దరూ 1996లో క్రీడావిజ్ఞానానికి ఒలింపిక్ బహుమతిని కలిసి అందుకున్నారు. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు మోస్తరు శ్రమ గాని, 75 నిమిషాలు తీవ్రమైన శ్రమ గాని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చేసిన సూచన వెనుక ఇటువంటి దశాబ్దాల లెక్కలున్నాయి.

లండను సాధారణ మార్గాల నుంచి పాత రూట్‌మాస్టర్ బస్సులను 2005 డిసెంబరులో తొలగించారు. మెట్లెక్కి దిగే కండక్టరు ఉద్యోగం వాటితోపాటు దాదాపు కనుమరుగైంది. అప్పటికి మారిస్ వయస్సు 95. ఆయన ఇంకా తన పరిశోధనశాలకు వెళ్లి పనిచేస్తూనే ఉన్నారు. 2009 అక్టోబరులో, నూరేళ్లకు కొద్ది నెలల ముందు, కన్నుమూశారు.