ఇది ఎవరి పాపం?

స్కిజోఫ్రెనియా రోగుల తల్లిదండ్రులు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఇది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు అడిగిందీ ఇదే. ప్రభువు జవాబు మీకు తెలుసు.

ఈ వ్యాధికి సంబంధించిన జన్యువులు అనేకం. వాటిలో పలు జన్యువులు బిడ్డ గర్భంలో ఉండగానే మెదడు కణాల పెరుగుదలలో, వాటిని ఒకదానితో ఒకటి కలపడంలో పాల్గొంటాయి. అందుకే యౌవనంలో బయటపడే జబ్బుకు బీజం పుట్టుకకు ముందే పడవచ్చు.

అయితే జన్యువులే సర్వస్వం కాదు. ఒకే అండం నుండి పుట్టిన కవలల్లో ఒకరికి ఈ వ్యాధి ఉన్నా, రెండవవారికి వచ్చే అవకాశం సుమారు సగమే.

కనుక ఇది తల్లి పెంపకంలో లోపం కాదు, చేతబడి అసలే కాదు. ఎవరో మాట్లాడుతున్నట్లు వినిపించడం, అకారణ అనుమానాలు, అందరికీ దూరంగా ఉండటం కనిపిస్తే వెంటనే మానసిక వైద్యునికి చూపించండి. ప్రార్థన మానవద్దు, డాక్టరు చెప్పనిదే మందులూ మానవద్దు.