దూర విమానయానం: ఏకధాటిగానా, మజిలీతోనా?

"అయ్యగారూ, పిక్క పట్టుకున్నది. తైలం పోసి రుద్దితే పోతదా?" అంటూ గత శీతకాలంలో 68 సంవత్సరాల మాతృమూర్తి ఒకరు ముత్యంపేటలోని నా వైద్యశాలకు వచ్చారు. అమెరికాలోని కుమార్తె ఇంటినుండి తిరిగివచ్చి అప్పటికి నాలుగు దినములు. ఎడమ పిక్క ఒక్కటే వాచి ఉన్నది. తాకితే వేడి, నొక్కితే నొప్పి. నేను తైలం ఇవ్వలేదు. ఆ కాలిని ఎవరూ మర్దన చేయరాదని హెచ్చరించి, వెంటనే స్కానింగు సౌకర్యమున్న ఆసుపత్రికి పంపాను. లోపలి సిరలో రక్తం గడ్డకట్టినట్లు తేలింది. సకాలంలో మందులు పడటం వలన ఆమె కోలుకున్నారు. ఆ గడ్డ మర్దనకు కదిలి ఊపిరితిత్తులకు చేరి ఉంటే ప్రాణాపాయమే.

ఆమె కుమారుడు నన్నడిగిన ప్రశ్న ఇది: "మధ్యల దిగి విమానం మారితే కాళ్ళకు విశ్రాంతి ఉంటదనే ఆ టికెట్టు కొన్నం గదా, మరి ఇట్లెందుకైంది?"

ఎందుకైనదో ఆమె ప్రయాణం వింటే తెలుస్తుంది. అమెరికా నుండి గల్ఫు నగరం వరకు 15 గంటలకు పైగా కిటికీ ప్రక్క కూర్చున్నారు. మూత్రానికి లేవవలసి వస్తుందని నీరు త్రాగలేదు. మజిలీలో భాష తెలియదని చక్రాల కుర్చీ అడిగారు. ఆ అయిదు గంటలూ కుర్చీలోనే గడిచాయి. పిదప హైదరాబాదుకు నాలుగు గంటలు, అటుపై కారులో మరో అయిదు గంటలు. విమానం మారినది గాని, కాలు కదలలేదు.

పిక్క కండరం ముడుచుకున్నప్పుడెల్లా సిరలలోని రక్తం పైకి నెట్టబడుతుంది. కూర్చుండిపోతే ఆ పని ఆగి రక్తం నిలిచిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన పరిశోధన ప్రకారం, 4 గంటలు లేదా అంతకుమించి కదలక చేసే ప్రయాణం, విమానమైనా, బస్సైనా, రైలైనా, ఈ ప్రమాదాన్ని సుమారు రెట్టింపు చేస్తుంది. ఆరోగ్యవంతులలో అది 6,000 మందిలో ఒకరికి సంభవించేదే కనుక భయపడనక్కరలేదు. కాని స్వల్ప వ్యవధిలో పలు విమానాలు ఎక్కేవారికి కూడా ప్రమాదం పెరుగుతుందని అదే పరిశోధన తెలిపింది. కాబట్టి మజిలీ తనంతట తాను రక్షణ కాదు.

విమానంలో గాలి తేమ తరచు 20 శాతం లోపే ఉంటుంది. లోపలి పీడనం 6,000 నుండి 8,000 అడుగుల కొండపై ఉన్నట్లుంటుంది. రూక్షం, శీతం, చలనం: ఈ మూడూ వాత ప్రకోపానికి హేతువులే. దానికి తోడు వేగధారణ. చరక సంహిత సూత్రస్థానం 7వ అధ్యాయం ఆపరాని 13 వేగాలను చెప్పినది. వాటిలో మూత్రం, మలం, దప్పిక, నిద్ర అనే నాలుగింటిని మన పెద్దలు ఒక్క విమానంలోనే అణచుకుంటున్నారు!

ఇక ఎంపిక. దుబాయి, మస్కట్ వంటి చోట్లకు పోయే మన కార్మిక సోదరులకు నాలుగు గంటల ప్రయాణం. కొద్ది సొమ్ముకు ఆశపడి రాత్రంతా మరో విమానాశ్రయంలో నేలపై పడుకోవడం తగదు. నేరుగా పోవడమే మేలు. అమెరికా సంగతి వేరు. 2021లో హైదరాబాదు నుండి చికాగోకు నేరు విమానం మొదలైనా ఎంతో కాలం నిలువలేదు. మనవారికి ఎక్కడో ఒకచోట మారక తప్పదు. ఎక్కడ మారుతామన్నదే ముఖ్యం. దుబాయిలో మారితే 4 గంటలు, ఆపైన డాలసుకు సుమారు 16 గంటలు. బరువంతా రెండవ భాగంపైనే పడుతుంది. లండనులో మారి న్యూయార్కు పోతే సుమారు 10 గంటలు, 8 గంటలు. ఇది సమభాగం. మధుమేహం, కీళ్ళనొప్పి ఉన్న పెద్దలకు నేను రెండవదానినే చెబుతాను. మజిలీ వ్యవధి 3, 4 గంటలుంటే చాలు. రెండు గంటలైతే పరుగు, ఎనిమిదైతే నీరసం. యువకులకు, నిద్ర చెడితే తట్టుకోలేనివారికి ఏకధాటి ప్రయాణమే సుఖం. అమెరికాలో మొదట దిగినచోటనే తనిఖీ జరిపించుకుని, పెట్టెలు తీసి మరల అప్పగించాలి. భాష రానివారు ఆ దేశంలోపల విమానం మారే టికెట్టు తీసుకోకుండుట మంచిది.

చక్రాల కుర్చీ తప్పు కాదు. మజిలీలో ద్వారం వద్దకు చేరిన తరువాత లేచి, గంటకొకమారు పది నిమిషాలు నడవండి. నడవ ప్రక్క సీటు ముందే అడగండి. కూర్చున్నచోటనే మడమలు ఎత్తి దించండి. జీలకర్ర వేసి కాచిన గోరువెచ్చని నీరు కొద్దికొద్దిగా సేవించండి. భోజనం సగం కడుపుకే. ముక్కు ఎండితే వేలికొసతో ఆవునెయ్యి లోపల పూయండి. ప్రయాణపు ముందురాత్రి పాదాలకు నువ్వులనూనె మర్దన నిద్రనిస్తుంది, కాని వాపు లేని పాదాలకు మాత్రమే. ఇన్సులిను, రక్తపోటు మందులు చేతి సంచిలోనే ఉంచుకోండి. లోగడ రక్తం గడ్డకట్టినవారు, ఇటీవల శస్త్రచికిత్స అయినవారు, గర్భిణులు తమ వైద్యుని అడగకుండా టికెట్టు కొనరాదు.

ప్రయాణం ముగిసిన కొన్ని వారాల వరకు ఒక కాలు మాత్రమే వాచినా, ఆయాసం, ఛాతినొప్పి కలిగినా గృహవైద్యం చేయక ఆసుపత్రికి పోవాలి.

ఆ తల్లి తన వైద్యుల అనుమతితో వచ్చే వేసవిలో మరల పోతున్నారు, ఈసారి లండను మీదుగా. తిరిగి వచ్చేటప్పుడు శంషాబాదు నుండి కారును సిద్దిపేటలో ఒకమారు, కరీంనగరులో ఒకమారు ఆపమని కుమారునికి ఇప్పుడే చెప్పి ఉంచాను.